వచ్చే కరోనాకు మందు ముందే సిద్ధం చేయొచ్చా? గబ్బిలాల వైరస్‌లు ఏం చెబుతున్నాయి?

2021 వేసవిని మన ఇళ్లల్లో ఎవరూ మర్చిపోలేదు. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కోసం రాత్రీపగలూ తిరిగిన కుటుంబాలు ఎన్నో. రోగం వచ్చాక మందు వెతికితే ఇలాగే ఉంటుంది. గబ్బిలాల్లో దొరికిన కరోనా వైరస్‌లను శాస్త్రవేత్తలు ఇప్పుడే పోల్చి చూస్తున్నది అందుకే.

వైరస్ పైన ముళ్లలా కనిపించేది స్పైక్. ఎక్కువ టీకాలు గురిపెట్టేది దీనిమీదే. కానీ స్పైక్ తొందరగా మారిపోతుంది. 2003 నాటి సార్స్ వైరస్, 2019 నాటి కోవిడ్ వైరస్ స్పైక్‌లు సుమారు 76 శాతమే కలుస్తాయి.

వైరస్ వాడుకునే ప్రోటియేజ్ అనే ఎంజైమ్ సంగతి వేరు. ఇది కత్తెర లాంటిది. మన కణంలో తయారైన పొడవాటి వైరస్ ప్రోటీన్‌ను పనికొచ్చే ముక్కలుగా కత్తిరిస్తుంది. కత్తెర ఆగితే వైరస్ పెరగదు. ఆ రెండు వైరస్‌ల కత్తెరలు 96 శాతం ఒకటే. చైనాలోని యునాన్ గబ్బిలాల్లో దొరికిన కోవిడ్ దగ్గరి బంధువులోనూ ఇది దాదాపు అలాగే ఉంది.

దీని లాభం మనం చూశాం. సార్స్ కోసం ఫైజర్ మొదలుపెట్టి పక్కన పెట్టిన పని 2020లో మళ్లీ అక్కరకొచ్చింది. అలా వచ్చిందే పాక్స్‌లోవిడ్. టీకా వేసుకోని, ప్రమాదం ఎక్కువున్న రోగులకు 3 రోజుల్లోపు ఇస్తే ఆసుపత్రిలో చేరడం, మరణాలు దాదాపు 89 శాతం తగ్గాయి.

అయితే ఒక్క మందుతో నిశ్చింతగా ఉండలేం. 2012లో సౌదీలో గుర్తించిన మెర్స్ వైరస్ కత్తెర, కోవిడ్ కత్తెరతో సగమే కలుస్తుంది. నమోదైన మెర్స్ రోగుల్లో సుమారు 35 శాతం మంది చనిపోయారు. దానికి ఆమోదం పొందిన టీకా గానీ, ప్రత్యేక మందు గానీ ఇప్పటికీ లేదు. పాక్స్‌లోవిడ్‌లోని మందు ల్యాబ్‌లో మెర్స్‌నూ అడ్డుకుంది, కానీ రోగుల్లో రుజువు కావాలి. మెర్స్‌కు బంధువైన గబ్బిలాల వైరస్ హెచ్‌కేయూ5లో ఒక కొత్త రకం మనిషి కణాల్లోకి వెళ్లగలదని 2025లో చైనా పరిశోధకులు చూపించారు. అంటే ఒక కుటుంబం వైరస్‌లను చూసి చేసిన మందును రెండో కుటుంబం మీద కూడా ముందే పరీక్షించాలి.

ఆ పని ఇప్పుడే, రోగం లేని రోజుల్లోనే జరగాలి. తయారుచేసే శక్తి మన దగ్గరే ఉంది. పాక్స్‌లోవిడ్‌లోని అసలు మందుకు హైదరాబాద్ హెటిరో చేసిన జనరిక్‌ను 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. లేనిదల్లా పరీక్షలకు ప్రభుత్వాలు పెట్టాల్సిన డబ్బు, పేదవాడికి అందే ధర.

మనవంతుగా ఉమ్రాకు, హజ్‌కు వెళ్లేవాళ్లు పచ్చి ఒంటె పాలు తాగొద్దు. తిరిగొచ్చిన 2 వారాల్లో జ్వరం, దగ్గు వస్తే ఎక్కడి నుంచి వచ్చారో డాక్టర్‌కు ముందే చెప్పండి. ఈ మందులు గుండె మాత్రలతో, రక్తం పలచబడే మాత్రలతో పడకపోవచ్చు. సొంతంగా మాత్రం కొనుక్కుని వేసుకోవద్దు.