గృహనిర్వహణము : పాతకారు జాతకము

పాడియావును కొనబోవు నిల్లాలు అది యెన్నవ యీత, పూటకెన్ని పాలిచ్చును, తన్నునా, పొడుచునా యని నలుగురిని విచారించిన పిమ్మటగాని బేరమాడదు. పిల్లను ఇచ్చునపుడును, తెచ్చుకొనునపుడును ఏడుతరములు అడుగుట మనకు వాడుక. ఇంత విచారణ నేర్చిన మనమే లక్షలు పోసి పాతకారును కొనునపుడు మాత్రము పైరంగును, అమ్మువాని మాటనేర్పును చూచి సొమ్ము చెల్లింతుము. చదువులకును, కాపురములకును అమెరికా వెళ్లు మన పిల్లలకు బండి లేనిదే కూరగాయలు తెచ్చుకొనుటకైనను వీలులేని యూళ్లు పెక్కు కలవు. వారిలో అనేకులు మొదట కొనునది పాతకారే. కావున ఈ నెల దానిని గూర్చి ముచ్చటింపదలచితిమి.

ఆ దేశమున 1981వ సంవత్సరపు నమూనాలు మొదలుకొని ప్రతి కారునకును 17 అక్షరములు, అంకెలు గల గుర్తుసంఖ్య యొకటి నియతమై యున్నది. నడుపువారి వైపున ముందటి యద్దము క్రింద అది బయటికే కనబడును. ఒకటి, సున్నలతో పొరపాటు పడకుండుటకై అందు ఐ, ఓ, క్యూ అను అక్షరములను వాడరు. ఈ సంఖ్యయే కారునకు జన్మనక్షత్రము వంటిది. దీనిని తెలిపినచో బండి యెందరి చేతులు మారినది, ఏ యేట ఎన్ని మైళ్లు తిరిగినది, ఏ ప్రమాదమున చిక్కినది, వరదలో మునిగినదా మొదలగు సంగతులతో చరిత్ర పత్రము లభించును. 1984లో మిస్సోరి రాష్ట్రమందలి కొలంబియా నగరమున ఆరంభమైన కార్‌ఫాక్స్ సంస్థ ఇట్టి పత్రములకు పేరెన్నిక గన్నది. మైళ్లు లెక్కించు యంత్రమును వెనుకకు త్రిప్పి అమ్మెడి మోసమును బయటపెట్టుటయే దాని మొదటి యుద్దేశము. ఆ మోసము నేటికిని పోలేదు. ఏటేట 4,50,000కు మించిన వాహనములు తప్పుడు లెక్కలతో అమ్ముడగుచున్నవని అక్కడి ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ అంచనా వేసినది.

పాతకారు కొనుట పేదరికమునకు గుర్తని మనవారిలో కొందరి భావము. 1996లో స్టాన్లీ, డాంకో అను ఇరువురు అమెరికా లక్షాధికారులను పరిశీలించి గ్రంథము ప్రకటింపగా, వారిలో మూడవవంతునకు పైబడినవారు వాడిన కార్లనే కొనువారని తేలినది. వాల్‌మార్ట్ దుకాణముల స్థాపకుడైన శామ్ వాల్టన్ 1979 నాటి ఫోర్డు ట్రక్కును 1992లో మరణించువరకును విడువలేదు. అది నేడు బెంటన్‌విల్ నగరమున ప్రదర్శనశాలలో నున్నది. వారెన్ బఫెట్ గారు 1958లో 31,500 డాలర్లకు కొన్న యింటనే దశాబ్దములు కాపురముండిరి. వడగండ్లు పడి సొట్టలు పోయిన కార్లను చవుకగా కొనుటయు ఆయనకు అలవాటని ఆయన కుమార్తెయే చెప్పియున్నది.

ఈ వడగండ్ల కారునందు మనము నేర్వదగిన నీతి యొకటి కలదు. ఆ సొట్ట కంటికి కనబడునది. యంత్రమునకు హాని చేయనిది. వెలను మాత్రము తగ్గించునది. తెలిసిన లోపమునకు వెల తగ్గించుకొనుట పొదుపు. తెలియని లోపమును చవుకయని యింటికి తెచ్చుకొనుట పొదుపు కాదు, జూదము. మఱియొక సంగతి. ధనవంతుని పాతకారు త్రోవలో నిలిచిపోయినచో వానికి వేరొకటి తెప్పించుకొను శక్తి కలదు. అప్పుచేసి కొన్నవారికి ఆ యవకాశము లేదు. కనుక విచారణ ధనవంతునికంటె సామాన్యునికే ఎక్కువ యవసరము.

ఇది సొమ్ముతోనే పోవునది కాదు. ప్రమాదమైనపుడు ఉబ్బి ప్రాణము కాపాడవలసిన గాలితిత్తులను, ఒకసారి దెబ్బతిన్న కార్లలో నాసిరకపు వానితో మార్చి అమ్మినందున ముగ్గురు మరణించిరనియు, ఇరువురు రూపము చెడునట్లు గాయపడిరనియు 2024 జూలైలో ఆ భద్రతా సంస్థయే హెచ్చరించినది. కొనుటకు ముందు చరిత్ర పత్రమును చూడుడని బోధించినది. ఎదుటి యాసనమున కూర్చుండునది మన బిడ్డయే గదా!

అయినను పత్రమే సర్వజ్ఞము కాదు. పోలీసులకు గాని, బీమావారికి గాని తెలుపక చాటుగా బాగుచేయించిన దెబ్బ అందు కానరాదు. కావున నమ్మకమైన మెకానిక్కునకు కొంత రుసుమిచ్చి చూపింపవలెను. మనమును కొంత చూడవచ్చును. క్రింది తివాచీ నెత్తిన బురద యున్నదా? ఆసనముల క్రింది మరలు త్రుప్పుపట్టినవా? లోపల ముక్కవాసన కొట్టుచున్నదా? మైళ్ల లెక్క స్వల్పముగా నుండి కాలిమీటలు అరిగిపోయినవా? ఇల్లు తుడిచిన కంటికి ఇవి దాగవు.

మన దేశమునందును ఇట్టి జాగ్రత్త విడువరాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వీధులు మునిగినపుడు వాహనము లెన్నియో నీట నానినవి. నీట నానిన బండ్లన్నియు తుక్కునకే పోవునని తలచుట అమాయకత్వము. కొనువారు రిజిస్ట్రేషను పత్రమునందు బ్యాంకు అప్పు వ్రాయబడి యున్నదేమో, చలానాలు బాకీ యున్నవేమో చూడవలెను. అమ్మువారు 29, 30 సంఖ్యల పత్రములపై సంతకములు చేసి ఊరకుండక, పేరు మారువరకును వెంటబడవలెను. రిజిస్ట్రేషనులో ఎవరి పేరున్నదో వారే ప్రమాద పరిహారమునకు బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. భర్త పోయిన పిమ్మట ఆయన కారును తెలిసినవారికి మాటమీద ఇచ్చివేయు సోదరీమణులు దీనిని ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను.

లోభి ఖర్చునకు వెనుదీయును. పొదుపరి తొందరకు వెనుదీయును. పత్రమునకై పెట్టిన స్వల్పవ్యయమును, మెకానిక్కున కిచ్చిన రుసుమును దండుగ యనుకొనవలదు. అడిగిన ప్రశ్నకు అమ్మువాడు విసుగుకొనినచో ఆ విసుగే తగిన సమాధానమని యెంచి మఱియొక బండిని చూచుకొనుడు.