బళ్ళారి ఇనుము, చైనా ఉక్కు

ఈ శతాబ్దపు తొలి దశకంలో సండూరు, హొసపేట కొండలనుండి ఎగుమతి అయిన ఇనుప ఖనిజంలో అత్యధిక భాగం ఓడలెక్కి చైనాకు చేరింది. 2000లో సుమారు 13 కోట్ల టన్నుల ఉక్కును తయారు చేసిన ఆ దేశం 2008 నాటికి 50 కోట్ల టన్నులకు ఎగబాకింది. అదే కాలంలో మన దేశపు ఉత్పత్తి 2.7 కోట్ల టన్నులనుండి 5.8 కోట్ల టన్నులకు పెరిగింది. రెట్టింపు కావడం అల్ప విషయమేమీ కాదు. అయినప్పటికీ, ఖనిజం మన కొండలలో ఉండగా కార్ఖానాలు పరదేశంలో వెలయడానికి కారణమేమిటన్న ప్రశ్న మన జిల్లా వారు తప్పక వేసుకోదగినది. “అక్కడ ఒకే పార్టీ, ఇక్కడ ప్రజాస్వామ్యం, అందుకే వారు పరుగెత్తారు, మనం నడిచాము” అన్న సమాధానం టీ అంగళ్ళలోనూ, విద్యావంతుల సభలలోనూ వినవస్తూ ఉంటుంది. అది సగం కూడా నిజం కాదని నా అభిప్రాయం.

చైనాలో 1949 నుండి నేటివరకు పాలిస్తున్నది ఒకే పార్టీ. ఆ పార్టీ పాలనలోనే 1958లో మొదలైన ‘మహా ముందడుగు’ కోట్లాదిమందిని ఆకలిచావులకు గురిచేసింది. జిల్లా అధికారులు పంటల దిగుబడిని పెంచి చూపగా, లేని ధాన్యాన్ని లెక్కగట్టి ప్రభుత్వం వసూలు చేసింది. తప్పుడు లెక్క అని చెప్పగల పత్రిక గాని, ప్రతిపక్షం గాని అక్కడ లేదు. ఆ పార్టీయే 1978 తరువాత ప్రపంచం విస్తుపోయే వేగాన్ని సాధించింది. మన రాజ్యాంగమూ 1950 నుండి అదే. అయినా 1980కి పూర్వం మన వృద్ధి ఏటా మూడున్నర శాతం వద్దనే తచ్చాడింది, 1991లో పి.వి.నరసింహారావు ప్రభుత్వం పారిశ్రామిక లైసెన్సుల వ్యవస్థను చాలావరకు తొలగించిన తరువాత ఆరు శాతాన్ని దాటింది. ప్రభుత్వ స్వరూపం మారకుండానే రెండు దేశాల వేగమూ మారినప్పుడు, కారణాన్ని ఆ స్వరూపంలో కాక, దాని లోపల పని జరిగే తీరులో వెదకవలసి ఉంటుంది.

1980లో డాలర్ల లెక్కన తలసరి ఆదాయంలో చైనా మనకంటే వెనుకబడి ఉండేది. 2023 నాటికి వారిది సుమారు 12,600 డాలర్లు, మనది సుమారు 2,500. అయితే ఆరంభరేఖ వద్ద ఇరువురూ సమానంగా లేరన్నది విస్మరించరాదు. 1981 జనగణనలో మన అక్షరాస్యత 44 శాతం. మరుసటి ఏడు జరిగిన చైనా జనగణనలో వారిది సుమారు 65 శాతం. సగటు ఆయుర్దాయంలోనూ వారు మనకంటే దాదాపు పదేళ్ళు ముందున్నారు. కార్ఖానాలు రాకముందే అక్కడ పల్లెబడి, పల్లెవైద్యుడు ఉన్నారు. పొలం విడిచి యంత్రం ముందు నిలిచిన పడుచుకు సూచనలు చదువుకోవడం వచ్చు. మన దగ్గర సంస్కరణలు వచ్చాయి కాని, వాటిని అందిపుచ్చుకోవలసిన జనంలో సగానికి చదువు అందలేదు.

ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవాడిని కనుక ఈ విషయమై కొంత నిలిచి చెప్పక తప్పదు. 2003లో ఇరవై రాష్ట్రాలలోని మూడువేలకు పైగా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు పరిశోధకులు ముందుగా చెప్పకుండా వెళ్ళి చూశారు. నలుగురిలో ఒక ఉపాధ్యాయుడు బడిలో లేడు. నిజంగా పాఠం చెబుతూ కనిపించినవారు సగంమందే. మహారాష్ట్రలో గైర్హాజరు 15 శాతం, ఝార్ఖండ్‌లో 42 శాతం. జీతభత్యాలు, నియామక నిబంధనలు అన్నిచోట్లా ఇంచుమించు ఒకే తీరున ఉండగా ఇంత తేడా ఎందుకు? ఎన్నికల పనులు, జనగణన పనులు అని మా వర్గం చెప్పుకొనే సాకులకు ఆ సర్వేలో పెద్దగా ఆధారం దొరకలేదు. తనిఖీ జరిగేచోట, రోడ్డు ఉన్నచోట, భవనం సరిగా ఉన్నచోట గైర్హాజరు తక్కువగా ఉంది. పదేపదే రాని ఉపాధ్యాయుని తొలగించినట్లు చెప్పినది దాదాపు మూడువేల బడులలో ఒకే ఒక్క ప్రధానోపాధ్యాయుడు. పాలన అనే పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే: డబ్బు ఖర్చయింది, ఉద్యోగం నిండింది, పని మాత్రం జరగలేదు, అడిగేవాడు లేడు.

ఇక అడిగేవాడు ఎక్కడ ఉండాలన్నది రెండవ ప్రశ్న. 1978 చివరలో అన్‌హుయి రాష్ట్రంలోని షియావోగాంగ్ అనే గ్రామంలో పద్ధెనిమిది కుటుంబాలు రహస్యంగా ఒప్పందం వ్రాసుకొని సామూహిక భూమిని పంచుకొన్నాయి. చట్టరీత్యా అది నేరం. పంట పెరిగింది, స్థానిక అధికారులు చూచీ చూడనట్లు ఊరకున్నారు, కొద్ది సంవత్సరాలలో అదే దేశవ్యాప్త విధానమైంది. తదుపరి వచ్చిన గ్రామ, పట్టణ పరిశ్రమలలో 1978లో 2.8 కోట్లమంది పనిచేయగా, 1996 నాటికి 13.5 కోట్లమంది చేరారు. వసూలైన పన్నులో కొంత స్థానిక ప్రభుత్వానికే మిగిలేది. తన పరిధిలో వృద్ధి చూపిన అధికారికి పైపదవి దక్కేది. చైనాలో ప్రభుత్వ వ్యయంలో సుమారు 85 శాతం కేంద్రానికి దిగువనున్న ప్రభుత్వాల ద్వారానే జరుగుతుంది. బయటి రాజకీయానికి అది ఏకశిల. ఖర్చు విషయంలో మాత్రం ప్రపంచంలోనే మిక్కిలి వికేంద్రీకృతమైన దేశాలలో ఒకటి.

మన దగ్గర ఇందుకు తారుమారు. 73వ సవరణ 1993లో అమలులోకి వచ్చి పంచాయతీలకు 29 అంశాలను చూపింది. వాటిని అప్పగించే పని రాష్ట్రాల ఇష్టానికి వదిలివేసింది. ఎన్నికలు వచ్చాయి, సర్పంచులు వచ్చారు. నిధులు, సిబ్బంది రాలేదు. జిల్లాధికారికి అధికారం ఉంది కాని, ఎప్పుడు బదిలీ అవుతాడో తెలియదు. రాజధానికి దూరంగా, రెండు భాషల నడుమ ఉన్న మనవంటి జిల్లాలలో ఈ లోటు మరింత కొట్టవచ్చినట్లు కనబడుతుంది.

అందుకు ఖనిజమే సాక్ష్యం. ధర ఆకాశానికి ఎగసిన రోజులలో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌ల నడుమ సరిహద్దు గుర్తులే చెరిపివేశారన్న ఆరోపణ సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. పరిమితికి మించిన బరువుతో లారీలు పగలూ రాత్రీ తిరిగాయి. 2010లో బేలేకేరి రేవులో స్వాధీనం చేసుకొన్న ఖనిజంలో పెద్ద భాగం ప్రభుత్వ అదుపులో ఉండగానే మాయమైంది. 2011 జూలైలో లోకాయుక్త నివేదిక ఖజానాకు జరిగిన నష్టాన్ని పదహారు వేల కోట్ల రూపాయలకు పైగా లెక్కగట్టింది. అదే నెలలో సుప్రీంకోర్టు జిల్లాలో త్రవ్వకాలను నిలిపివేసింది. త్రవ్వేటప్పుడు అదుపు లేదు, ఆపేటప్పుడు నిజాయితీగా పనిచేసేవారికీ మినహాయింపు లేదు. డ్రైవర్లు, కూలీలు, వారి నమ్మకంమీద అంగళ్ళు పెట్టుకొన్నవారు ఒక్కసారిగా వీధిన పడ్డారు. ఇందుకు ప్రజాస్వామ్యాన్ని నిందించడం సరికాదు. విచారణ జరిపి, నివేదిక వ్రాసి, ముఖ్యమంత్రిచేత రాజీనామా చేయించగలిగినది ఆ ప్రజాస్వామ్యపు సంస్థలే. లోపించినది చెక్‌పోస్టు దగ్గర కాటా.

చైనా పద్ధతిని అట్లే తెచ్చుకొందామా అంటే, దాని ధర కూడా తెలుసుకోవాలి. 1994లో అక్కడి కేంద్రం పన్నుల ఆదాయాన్ని తనవైపు త్రిప్పుకొన్న తరువాత స్థానిక ప్రభుత్వాలు రైతుల భూమిని చౌకగా తీసుకొని నిర్మాణ సంస్థలకు అమ్మడం అలవాటు చేసుకొన్నాయి. ఆ బుడగ 2021లో ఎవర్‌గ్రాండ్ సంస్థ అప్పులు చెల్లించలేకపోవడంతో బయటపడింది. 2024లో హాంకాంగ్ న్యాయస్థానం ఆ సంస్థను మూసివేయమని ఆదేశించింది. లియావోనింగ్ రాష్ట్రం 2011-14 నడుమ తాను చూపిన ఆర్థిక లెక్కలు బూటకమని 2017లో ఒప్పుకొంది. 1958నాటి జబ్బు పూర్తిగా నయం కాలేదన్న మాట. 2022లో షాంఘై నగరాన్ని దాదాపు రెండు నెలలు మూసివేసిన ఏడాది వారి వృద్ధి మూడు శాతానికి పడిపోయింది. మన దగ్గర 2008లో సింగూరు రైతులు కార్ఖానాను కాదనగలిగారు. అది గుజరాత్‌లోని సాణంద్‌కు తరలిపోయింది. పశ్చిమ బెంగాల్‌కు అది నష్టమే కావచ్చు. భూమి ఇవ్వననే హక్కు ఉన్న రైతు ఉండడం మాత్రం నష్టం కాదు.

చిన్న మార్పు ఎంత పని చేస్తుందో 2017 జూలైలో సరిహద్దువాసులందరూ చూశారు. జి.ఎస్.టి. రాగానే అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఎత్తివేయబడ్డాయి. మైళ్ళకొద్దీ లారీల వరుసలు తగ్గాయి. బ్రెజిల్ అటువంటి పన్ను సంస్కరణను 2023 డిసెంబరులో గాని ఆమోదించలేకపోయింది, అదీ 2033 వరకు దశలవారీగా.

ప్రస్తుతం మన జిల్లా ముందున్న లెక్క ఒకటుంది. 2015 చట్ట సవరణ ప్రకారం గనుల రాయల్టీకి తోడుగా వచ్చే వాటా జిల్లా ఖనిజ నిధిలో చేరుతున్నది. పాత లీజులకు అది రాయల్టీలో 30 శాతం, వేలం ద్వారా ఇచ్చినవాటికి 10 శాతం. సుప్రీంకోర్టు ఆదేశాలతో ప్రోగైన పునరుద్ధరణ నిధి ఖర్చు మొదలయ్యేసరికి దాదాపు పదేళ్ళు గడిచిపోయాయి. ఎర్రధూళి పడిన పల్లెలలో ఆ సొమ్ముతో ఏ బడి గది కట్టారు, ఏ నీటి ట్యాంకు పనిచేస్తున్నది, ఏది కాగితంమీదనే ఉంది అన్నది పల్లెవారీగా కన్నడంలోనూ తెలుగులోనూ పంచాయతీ గోడమీద వ్రాయడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు.