చాకిరీ ఆమెది... ఖాతా ఆయనది

కోడి కూయకముందే పల్లెల్లో పాడి ఇల్లాలి పని మొదలవుతుంది. రెండు గేదెలు, ఒక దూడ, నాలుగు మేకలు, పది కోళ్లు ఉన్న ఇంట్లో తెల్లవారితే సంత సందడే. పేడ తీయాలి, కుడితి పెట్టాలి, చొప్ప వేయాలి. దూడ కాస్త కుడిస్తేనే గేదె చేపుతుంది. ఆ దూడే పలుపు తెంపుకుంటే, పాలకేంద్రానికి పోయవలసిన పాలు దాని కడుపులోకే. ఈలోగా మేక పక్కింటి చిక్కుడు పాదు మేసి తగవు తెస్తుంది. ముంగిస కోడిపిల్లను ఎత్తుకుపోతుంది.

ఇంత చాకిరీ చేసేది ఆమె. ఏ గేదె ఎదకు వచ్చిందో, ఏది మేత మానేసిందో ముందుగా పసిగట్టేదీ ఆమే. కాని చాలా ఇళ్లలో పాలకేంద్రం పుస్తకంలో పేరు, పాల డబ్బు జమయ్యే బ్యాంకు ఖాతా మాత్రం ఆయనవి. తవుడు బస్తా కొనాలన్నా ఆమె చేయి చాచవలసిందే.

2019లో రిజర్వు బ్యాంకు ఆదేశాలతో కిసాన్ క్రెడిట్ కార్డు రుణం పశుపోషకులకూ వర్తించింది. సొంత పొలం లేకపోయినా, పశువుల కొట్టం సొంతానిదైనా అద్దెదైనా, పాడి రైతులు అర్హులే. స్వయం సహాయక సంఘాల మహిళలూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ కాగితం మీదనైనా ఆమె పేరు ఉండటం న్యాయం.

పాలు పితికే చేయి ఎవరిదో విచారించి ఆ పేరే రాసుకోవడం పాలకేంద్రాల నిర్వాహకులకు, బ్యాంకు అధికారులకు కష్టమేమీ కాదు. ఈ విషయమై ముందుగా ఆలోచించవలసింది మాత్రం ఇంటి యజమానులే.