పిల్లను అడిగే పద్ధతి ఇదేనా?

సర్వే వాళ్లు మన గూడేనికొస్తారు. అరుగు మీద తండ్రి, గుమ్మంలో నాయనమ్మ, చుట్టూ ఇరుగుపొరుగు. నడుమ పదిహేనేళ్ల పిల్ల. ‘బడి ఎందుకు మానేశావు?’ అంటే ‘ఇష్టం లేక’ అంటుంది. అదే రాసుకుని పోతారు. దారిలో ఏడిపించేవాళ్ల సంగతి, ఇంట్లో నడుస్తున్న పెళ్లి మాటల సంగతి అందరి ముందూ ఎట్లా చెబుతుంది? మంచినీళ్లిస్తే ముట్టని మనిషికి మనసెందుకు విప్పుతుంది?

ఇది సర్కారుకు తెలియంది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటి హింస ప్రశ్నలు ఇంటికొక స్త్రీనే, అదీ పక్కన ఎవరూ లేనప్పుడే అడగాలని నియమం. అదే సర్వే (2019-21) ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఎంతమందో లెక్క చెప్పింది. పెళ్లినాడు ఆ పిల్ల గుండెలో ఏముందో చెప్పలేదు. అది కూర్చుని వింటేనే తెలుస్తుంది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు అట్లా విన్నారు గనకే తెలంగాణ పోరాటంలోని ఆడవాళ్ల కథలు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వాళ్ల నోటి మాటల్లోనే వచ్చాయి.

మేమూ తప్పు చేశాం. సభలో ఒక పిల్లను లేపి, జరిగింది చెప్పమన్నాం. ఆమె ఏడిస్తే జనం ‘అయ్యో’ అన్నారు. ఆ తర్వాత ఊళ్లో తలెత్తుకోలేకపోయింది ఆమె ఒక్కతే.

ఇక మీదట మన కార్యకర్తలైనా, బయటివాళ్లైనా ఒకటే పద్ధతి. పెద్దల ఒప్పుదల చాలదు, పిల్ల ఒప్పుకోవాలి. ఆమె నమ్మే ఆడమనిషే అడగాలి. చెప్పనంటే వదిలేయాలి. పేరూ ఊరూ బయటపెట్టరాదు. రాసింది ముందు ఆమెకే చదివి వినిపించాలి. ఆ మాట ఆమెది. మనది కాదు.