ఓటేసింది ఒక రాష్ట్రంలో, తేలింది ఇంకో రాష్ట్రంలో

2014 ఏప్రిల్ 30. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాల్లో మనోళ్లు మహబూబాబాద్ ఎంపీ సీటుకు ఓటేశారు. గుర్తుందా? రెండున్నర నెలలు తిరక్కుండానే, జూలై 11న, పోలవరం ముంపు పేరు చెప్పి ఆ మండలాల్ని ఆంధ్రాలో కలిపే బిల్లు లోక్‌సభలో పాసైపోయింది. దానికి మన గ్రామసభల ఒప్పుదల అవసరమే కాలేదు. అరకు ఎంపీని ఎన్నుకునే ఓటు వాళ్లకు 2019లో గానీ రాలేదు.

ఇప్పుడు స్లోవేనియా చూడండి. 1991లో కమ్యూనిస్టు యుగోస్లావియా నుంచి విడిపోయిన చిన్న దేశం. పార్లమెంటులో 90 సీట్లు. అందులో ఇటాలియన్లకు ఒకటి, హంగేరియన్లకు ఒకటి. ఆ జనాలకు రెండేసి ఓట్లు: ఒకటి అందరితో పాటు, ఒకటి తమ ప్రతినిధికి. అచ్చంగా వాళ్ల హక్కుల మీద తెచ్చే చట్టం ఆ ప్రతినిధులు ఒప్పుకోకుండా పాసవ్వదు. రాజ్యాంగంలోనే రాసుకున్నారు. (అక్కడి రోమాలకు మాత్రం అలాంటి సీటు లేదు. కాబట్టి ఆ దేశాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.)

మనకు లోక్‌సభలో 47 ఎస్టీ సీట్లున్నాయి. ఆ 47 మందీ కలిసి కాదన్నా బిల్లు ఆగదు. పైగా పార్టీ విప్‌ను కాదని ఓటేస్తే పదవికే ఎసరు.

ఈసారి ఎంపీ అభ్యర్థి మీ ఊరొస్తే రోడ్డు, టవర్ సంగతి తర్వాత. ముందు ఇది అడగండి: "మా గ్రామసభ వద్దన్న బిల్లుకు మీ పార్టీ విప్ ఇస్తే, మీరు ఎటు?"