శనగలు అమ్మి డబ్బా కొంటున్నాం

ఈమధ్య కోయిలకుంట్ల వైపు ఒక పల్లెలో రైతు ఇంటికి వెళ్ళాను. వసారాలో శనగ బస్తాలు పేర్చి ఉన్నాయి. పక్కన గూట్లో కిలో పొడి డబ్బా. కొడుకు కానిస్టేబుల్ సెలక్షన్లకని తెల్లవారుజామున పరుగు తీస్తున్నాడు. కాళ్ళు పట్టేస్తున్నాయంటే, టౌనులో జిమ్ కుర్రాడెవరో మొక్కల ప్రొటీన్ మంచిదని ఇప్పించాడట. రెండు వేల పైచిలుకు. డబ్బా మీద బఠానీ బొమ్మ. "బఠానీ గూడా మన పప్పుల్లోదే గదన్నా" అన్నాడు ఆ రైతు.

నిజమే. ఎండు బఠానీ, సోయా లాంటి గింజల్లోంచి పిండీ పీచూ తీసేస్తే మిగిలేదే ఆ పొడి. అది పనిచేయదని నేననను. పరుగు తీసినా, కబడ్డీ ఆడినా కండ పోగుల్లో సన్నటి చీలికలొస్తాయి. నొప్పి మర్నాడు, ఆ మర్నాడు ఎక్కువ. అవి మానడానికి మాంసకృత్తులు కావాలి, నిద్ర కావాలి, కడుపునిండా అన్నం కావాలి. మాంసకృత్తులు డబ్బాలోంచి వచ్చాయా, కుండలోంచి వచ్చాయా అని కండ అడగదు.

లెక్క చూద్దాం. కిలో పొడిలో ఉండేది సుమారు 750 గ్రాముల మాంసకృత్తులు. నాలుగు కిలోల శనగల్లోనూ దాదాపు అంతే. 2025-26 మార్కెటింగ్ సీజన్‌కు కేంద్రం ప్రకటించిన శనగ మద్దతు ధర క్వింటాలు 5,650 రూపాయలు. అంటే నాలుగు కిలోలు 226 రూపాయలు! పొడి తేలిగ్గా అరుగుతుంది, ఒప్పుకుంటాను. దానికి తొమ్మిదింతలు ఇవ్వాలా?

60 కిలోల కుర్రాడు గట్టిగా కసరత్తు చేస్తే రోజుకు 75 నుంచి 95 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయి. 400 గ్రాముల బియ్యంలో 30, మూడు గుప్పెళ్ళ కందిపప్పులో 16, నానబెట్టి ఉడికించిన 100 గ్రాముల శనగల్లో 19, గుప్పెడు వేరుశనగ గింజల్లో 12. ఇవే 77 అయ్యాయి. పావులీటరు పాలు కలిస్తే ఇంకో 8. పప్పులో లోపించేది అన్నంలో ఉంటుంది, అన్నంలో లోపించేది పప్పులో. రెండూ కలిపి తినాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కండల కోసం పొడుల జోలికి పోవద్దని 2024లోనే చెప్పింది. అదే ఏడాది మన దేశంలో అమ్మే 36 రకాల పొడుల్ని పరీక్షిస్తే, 25 డబ్బాల మీద రాసిన మాంసకృత్తుల లెక్క తప్పని తేలింది. విత్తనాల్లో కల్తీ చూసిన మనకు ఇది కొత్తేం కాదు.

ఉలవల సంగతి మరీ విడ్డూరం. ఉడికించి చారు మనం తాగాం, గుగ్గిళ్ళు ఎద్దులకు పెట్టాం. మాంసకృత్తులు ఎక్కువ మిగిలేది గుగ్గిళ్ళలోనే. మనకన్నా ఎద్దే బాగా తిన్నది.

అసలు చిక్కు వేరే ఉంది. కళ్ళంలోంచే బస్తాలు మందుల షాపు బాకీకి పోతున్నాయి. ఇంటికి మిగలడం లేదు. ఆ రైతునూ అదే అడిగాను. రోజుకు 100 గ్రాములంటే ఏడాదికి 36 కిలోల శనగలు. ఈసారి తూకానికి ముందే ఒక బస్తా పక్కన పెడతానన్నాడు. షాపతను ఒప్పుకుంటే.