తెల్లబట్టలకు బ్లీచ్: సబ్బులా కాదు, మందులా వాడండి



తెల్లని పంచె, బడిపిల్లల చొక్కా, దిండు గలీబులు మెరిసిపోవాలని కోరుకోని ఇల్లు ఉండదు. ఆ తెలుపు కోసం బ్లీచ్ వాడటం తప్పేమీ కాదు. అయితే వైద్యుడిగా నా అభిప్రాయం ఒక్కటే: బ్లీచ్‌ను సబ్బులా కాక మందులా చూడాలి. మందుకు మోతాదు ఉన్నట్లే దీనికీ కొలత ఉంది. కొన్ని మందులను కలిపి వాడకూడనట్లే దీనినీ మరి దేనితోనూ కలుపకూడదు.

బజారులో ద్రవరూపంలో దొరికే బ్లీచ్ సోడియం హైపోక్లోరైట్. ఊళ్లలో బావులలో వేసేది, మురుగు కాలువల వెంట చల్లేది బ్లీచింగ్ పౌడర్. రెండింటి శక్తీ క్లోరిన్ నుంచి వచ్చినదే. 1774లో స్వీడన్‌లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త ఈ వాయువును తయారుచేశాడు. రంగును పోగొట్టే దాని గుణాన్ని తరువాత ఫ్రాన్సులో బెర్తొలే బట్టలకు ఉపయోగించాడు. అదే వాయువును 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ పట్టణం వద్ద జర్మన్ సైన్యం ఆయుధంగా ప్రయోగించింది. బట్టను తెల్లబరచే పదార్థమే ఊపిరితిత్తులనూ దహించగలదు.

బ్లీచ్ నీటిలో ఆమ్లం కలిసిన మరుక్షణం ఆ వాయువు వెలువడుతుంది. మన ఇళ్లలో ఇది ఎలా జరుగుతుందో గమనించండి. బోరు నీటిలో ఇనుము ఎక్కువగా ఉంటే తెల్లబట్టలపై గోధుమరంగు మరకలు పడతాయి. వాటిని వదిలించడానికి బ్లీచ్ పోస్తారు. బ్లీచ్ ఇనుమును మరింత తుప్పుగా మారుస్తుంది కనుక మరక ముదురుతుంది. అప్పుడు ఎవరో చెప్పిన చిట్కా గుర్తుకు వచ్చి అదే బకెట్టులో నిమ్మరసమో, వెనిగరో, మరుగుదొడ్డి కడిగే యాసిడ్డో కలుపుతారు. ప్రమాదం అక్కడే పుడుతుంది. తుప్పు మరకకు నిమ్మరసం మంచిదే. కాని బ్లీచ్ తగలని బట్టపై, వేరుగా వాడాలి. అలాగే పసిపిల్లల మూత్రపు గుడ్డలను ముందుగా మామూలు నీటిలో బాగా జాడించకుండా బ్లీచ్‌లో వేయకండి. మూత్రంలోని అమ్మోనియాతో కలిసినా విషవాయువులే పుడతాయి.

క్లోరిన్ గాలికన్న దాదాపు రెండున్నర రెట్లు బరువైనది. నేల దగ్గరనే నిలుస్తుంది. మనలో చాలామంది స్నానాల గదిలో పీట మీద కూర్చుని, బకెట్టు మీదకు వంగి బట్టలు ఉతుకుతారు. అంటే ముఖం సరిగ్గా ఆ వాయువు నిలిచే ఎత్తులోనే ఉంటుంది. పక్కన ఆడుకునే పసిబిడ్డ సంగతి చెప్పనవసరం లేదు. ఉబ్బసం ఉన్నవారికి కొద్దిపాటి ఘాటు కూడా చేటే.

"ఇన్నేళ్లుగా వాడుతున్నాం, ఏమీ కాలేదు కదా" అని కొందరు అంటారు. ఇన్నాళ్లూ దానిని ఒంటరిగా వాడారు కనుకనే ఏమీ కాలేదు. ఆ అలవాటును కాపాడుకొమ్మనే నేనూ చెబుతున్నాను.

వాడదలచినవారు ఈ పద్ధతి పాటించండి. పెరటిలోనో, డాబా మీదనో, గాలి ఆడే చోట ప్లాస్టిక్ బకెట్టులో చల్లని నీరు తీసుకోండి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. సీసాపై ముద్రించిన కొలత ప్రకారం బ్లీచ్‌ను ముందు నీటిలో కలిపి, ఆ తరువాతనే బట్ట వేయండి. నేరుగా బట్టపై పోస్తే నూలు చివికి చిల్లులు పడుతుంది. బ్లీచింగ్ పౌడర్ అయితే విడిగా నీటిలో కలిపి, పైకి తేరిన తేటనే వాడండి. పట్టు, ఉన్ని బట్టలకు బ్లీచ్ తగలనే కూడదు. అయిదు పది నిమిషాలలో బట్ట తీసి, మంచినీటితో రెండు మూడు సార్లు జాడించండి. బట్టలో మిగిలిన బ్లీచ్ చర్మానికి దురద, మంట కలిగిస్తుంది.

ఘాటు తగిలి దగ్గు, కళ్ల మంట మొదలైతే బకెట్టును సరిచేస్తూ కూర్చోకండి. వెంటనే ఆరుబయటికి వెళ్లండి. కంట్లో పడితే పదిహేను, ఇరవై నిమిషాలపాటు ధారగా నీటితో కడిగి ఆసుపత్రికి వెళ్లండి. మింగితే నోరు కడిగించండి. వాంతి మాత్రం చేయించకండి. ఉప్పునీరు, నిమ్మరసం పట్టకండి. 108కి ఫోన్ చేసి, ఆ సీసాను కూడా వెంట తీసుకువెళ్లండి. వాయువు పీల్చినవారికి ముందు తేలికగా అనిపించినా, కొన్ని గంటల తరువాత ఆయాసం రావచ్చు. అలా వస్తే ఇంట్లో ఆగవద్దు.

మరొక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. వీధిలో పాత కూల్‌డ్రింక్ సీసాలలో పోసి, చీటీ కూడా లేకుండా అమ్మే బ్లీచ్, యాసిడ్, ఫినాయిల్ కొనకండి. దాహంతో వచ్చిన పిల్లవాడికి ఆ సీసా కూల్‌డ్రింక్‌గానే కనిపిస్తుంది. ప్రభుత్వాసుపత్రులలో పనిచేసిన ఏ వైద్యుడిని అడిగినా ఇటువంటి కేసులను చూశామనే చెబుతారు. నాలుగు రూపాయల ఆదా కోసం ఈ ముప్పును ఇంట్లోకి తేవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. కొన్న సీసానుంచి బ్లీచ్‌ను మరో దానిలోకి మార్చకండి. పిల్లలకు అందని ఎత్తులో, యాసిడ్‌కు దూరంగా ఉంచండి.

అసలు రోజువారీ తెల్లబట్టలకు బ్లీచ్ అవసరమే అరుదు. వేడినీటిలో సబ్బుపొడి వేసి నానబెట్టడం, బాగా జాడించడం, ఎండలో ఆరవేయడం చాలావరకు సరిపోతాయి. కాస్త పసుపు ఛాయ మిగిలితే చివరి జాడింపులో రెండు చుక్కల నీలిమందు దానిని కప్పివేస్తుంది. ఈ వారం బట్టలు ఉతికే ముందు మీ స్నానాల గదిలోని అర ఒకసారి చూడండి. బ్లీచ్, యాసిడ్ పక్కపక్కనే ఉంటే ఈ రోజే వాటిని విడదీయండి.